గుండెల్లో మంటకు ఆపరేషన్ చేయించుకోవాలా?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ప్రశ్నలుంటే చివరిదాకా ఆగక్కర్లేదు, మధ్యలోనే చెయ్యెత్తండి.

నేను పొట్ట ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. యాసిడ్ రిఫ్లక్స్‌తో, అంటే కడుపులోని పుల్లటి ద్రవం పైకి ఎగదన్ని గుండెల్లో మంట పుట్టించే జబ్బుతో, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో రెండు రకాలవాళ్ళు ఎక్కువ. ఒకరేమో "డాక్టర్ గారూ, పదేళ్ళుగా మాత్రలు మింగుతున్నాను, విసుగొచ్చేసింది, ఆ ఆపరేషనేదో చేసేయండి" అంటారు. ఇంకొకరు రాత్రిళ్ళు దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని దాదాపు కూర్చునే నిద్రపోతుంటారు, కాస్త వంగి చెప్పులు తొడుక్కోబోతే తిన్నదంతా గొంతులోకి వచ్చేస్తుంది, అర్ధరాత్రి పొలమారి దగ్గుతూ లేస్తారు, అయినా ఆపరేషన్ మాట ఎత్తగానే "అమ్మో వద్దండీ, మాత్ర డోసు పెంచండి చాలు" అంటారు. నా అనుభవంలో చాలాసార్లు మొదటివాళ్ళకి ఆపరేషన్ అవసరం ఉండదు, రెండోవాళ్ళకే ఉంటుంది. ఈ తేడా ఎక్కడుందో చెప్పడానికే వచ్చాను.

ముందు ఒక మాట చెప్పేస్తాను, తర్వాత మర్చిపోతానేమో. గుండెల్లో మంట అని పేరేగానీ ఇది గుండె జబ్బు కాదు. కానీ ఛాతీలో నొప్పి కొత్తగా మొదలైనా, నడిస్తే ఎక్కువై ఆగితే తగ్గుతున్నా, చెమటలు పడుతున్నా, ఎడమ చేతికో దవడకో లాగుతున్నా గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకండి, ముందు ఈసీజీ తీయించుకోండి. రిఫ్లక్స్ సంగతి ఆ తర్వాత చూసుకుందాం.

ఇప్పుడు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మనం మింగిన ముద్ద అన్నవాహికలోంచి కిందికి వెళ్తుంది, అది దాదాపు 25 సెంటీమీటర్ల కండరాల గొట్టం. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరపు పొర అడ్డంగా ఉంటుంది. దానిలో ఒక రంధ్రం, ఆ రంధ్రంలోంచి అన్నవాహిక కిందికి దిగి కడుపుతో కలుస్తుంది. కలిసేచోట మూడు నాలుగు సెంటీమీటర్ల మేర కండరం బిగుసుకుని ఉంటుంది, వాల్వ్ అని మనం అనేది దాన్నే. అది లోపలి కాపలా. బయటి నుంచి డయాఫ్రమ్ కండరం కూడా సరిగ్గా అక్కడే పట్టుకుని ఉంటుంది, దగ్గినా వంగినా బరువెత్తినా అది ఇంకా గట్టిగా నొక్కుతుంది. పైగా అన్నవాహిక కడుపులోకి నిలువుగా కాకుండా ఏటవాలుగా కలుస్తుంది కాబట్టి కడుపు నిండినప్పుడు దాని పైభాగం ఉబ్బి పక్క నుంచి ఒత్తుతుంది. ఇవన్నీ కలిస్తేనే తలుపు సరిగ్గా మూసుకుంటుంది.

ఈ తలుపు అప్పుడప్పుడు కొన్ని సెకన్లు దానంతట అదే తెరుచుకుంటుంది, లేకపోతే మనకు తేన్పు రాదు. అది మామూలే. రిఫ్లక్స్ ఉన్నవాళ్ళలో అలా తెరుచుకున్నప్పుడు గాలితోపాటు యాసిడ్ కూడా పైకి వస్తుంటుంది. డయాఫ్రమ్ రంధ్రం వదులైపోయి కడుపులో కొంత భాగం ఛాతీలోకి జారిందనుకోండి, అదే హయాటస్ హెర్నియా, అప్పుడు లోపలి వాల్వ్ ఒకచోట, బయటి పట్టు ఇంకోచోట అయిపోతాయి. రెండూ విడిపోయాక ఏ ఒక్కటీ సరిగ్గా ఆపలేదు.

మాత్రలు ఏం చేస్తాయి? ఒమెప్రజోల్, పాంటాప్రజోల్, ఈసోమెప్రజోల్ లాంటివి, వీటినే పీపీఐలు అంటాం, ఇవి కడుపులో యాసిడ్ తయారుకావడాన్ని బాగా తగ్గిస్తాయి. పైకి వచ్చే ద్రవాన్ని మాత్రం ఆపవు. పులుపు తగ్గిన ద్రవం పైకి వస్తూనే ఉంటుంది. మంట మాత్రమే ఉన్నవాళ్ళకి ఇది చాలు, అన్నవాహికలో పుండు ఉంటే మానిపోతుంది, హాయిగా ఉంటారు. కానీ తిన్నది గొంతులోకి ఎగదన్నడం, పడుకుంటే నోట్లోకి నీళ్ళు రావడం, పొలమారడం, ఇలాంటివి ముఖ్య బాధ అయినవాళ్ళకి మాత్ర ఎంత పెంచినా ఆ బాధ పోదు, ఎందుకంటే అది యాసిడ్ సమస్య కాదు, తలుపు సమస్య. తలుపును బాగుచేసే మాత్ర మన దగ్గర లేదు. అక్కడ ఆపరేషన్‌కి చోటుంది.

(సభలోంచి: మాత్రలు ఎక్కువ కాలం వాడితే కిడ్నీలు పోతాయంటున్నారు కదండీ, అందుకే ఆపరేషన్ చేయించుకుందామని...)

మంచి ప్రశ్న అడిగారమ్మా, ఈ భయంతోనే చాలామంది వస్తున్నారు. 2019లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, 17 వేల మందికి పైగా పాల్గొన్నారు, సగంమందికి పాంటాప్రజోల్, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సగటున మూడేళ్ళు చూశారు. పేగు ఇన్‌ఫెక్షన్లు మాత్రం కొద్దిగా ఎక్కువ కనిపించాయి, పాంటాప్రజోల్ గుంపులో 1.4 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో 1 శాతం. కిడ్నీ జబ్బు, ఎముకలు విరగడం, మతిమరుపు, వీటిలో తేడా కనపడలేదు. అంటే అవసరం లేకున్నా ఏళ్ళతరబడి మింగమని కాదు, అవసరం ఉన్నంత మేర, పనిచేసే అతి తక్కువ డోసులో వాడుకోవాలి. కానీ మాత్ర బాగా పనిచేస్తూ ఉంటే, కేవలం మాత్రంటే భయంతో పొట్టకు కోత పెట్టించుకోవడం నాకు సరైన కారణంగా కనపడదు. 2011లో యూరప్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మాత్రలకు బాగా లొంగిన 554 మందిని తీసుకుని కొందరికి ఈసోమెప్రజోల్, కొందరికి ఆపరేషన్ అని చీటీ వేసినట్టు పంచారు. ఐదేళ్ళ తర్వాత మాత్రల గుంపులో 92 శాతం, ఆపరేషన్ గుంపులో 85 శాతం మందికి జబ్బు అదుపులో ఉంది. రెండూ బాగానే పనిచేశాయి. మాత్రతో నిజంగా బాగున్నవాళ్ళకి ఆపరేషన్ అదనంగా ఇచ్చేది పెద్దగా ఏమీ లేదని నేను దీన్నుంచి అర్థం చేసుకున్నాను. వయసులో ఉండి జీవితాంతం మాత్ర మీద ఆధారపడటం ఇష్టం లేదని అన్నీ తెలిసి ఎంచుకుంటే అది వేరే సంగతి, అలా అడిగినవాళ్ళకి నేను చేశాను కూడా.

మరి మాత్రలు పనిచేయనివాళ్ళ సంగతి? ఇక్కడే అసలు కథ ఉంది, కొంచెం నిదానంగా వినండి.

2019లోనే అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఒక అధ్యయనం జరిగింది. మాత్రలు వాడినా గుండెల్లో మంట తగ్గలేదన్న 366 మందిని తీసుకున్నారు. వీళ్ళందరికీ ఆపరేషన్ చేసేయలేదు. ముందు అందరికీ ఒమెప్రజోల్ రోజుకు రెండుసార్లు, తిండికి ముందు, పద్ధతిగా వాడమని రెండు వారాలిచ్చారు. 42 మందికి దాంతోనే తగ్గిపోయింది! అంటే వాళ్ళకి మందు పనిచేయక కాదు, వాడాల్సిన పద్ధతిలో వాడక. తర్వాత టెస్టులు చేస్తే 99 మందికి అసలు రిఫ్లక్సే లేదని తేలింది, మంట ఉంది గానీ యాసిడ్ పైకి రావడం లేదు. ఇంకో 23 మందికి అన్నవాహికలో వేరే జబ్బులున్నాయి. ఇతర కారణాలతో కొందరు తప్పుకున్నారు, కొందరు టెస్టులు పూర్తి చేయించుకోలేదు. ఇలా వడగట్టగా వడగట్టగా చివరికి 78 మంది మిగిలారు. మాత్రలకు లొంగని నిజమైన రిఫ్లక్స్ వీళ్ళది. ఈ 78 మందిలో ఆపరేషన్ చేసినవాళ్ళలో ఏడాది తర్వాత 67 శాతం మందికి బాగా తగ్గింది, మందులు మార్చి పెంచి ఇచ్చినవాళ్ళలో 28 శాతానికే.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకోండి. సరిగ్గా ఎంచిన మనిషికి ఆపరేషన్ మందులకంటే చాలా మెరుగ్గా పనిచేసింది. కానీ "మాత్రలు పనిచేయట్లేదు" అని వచ్చిన 366 మందిలో అలాంటివాళ్ళు 78 మందే. ఎంచకుండా అందరికీ చేసేసి ఉంటే ఆ మిగతావాళ్ళకి ఏమయ్యేది?

ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే సర్జన్‌గా కొత్తలో ఒకాయనకి నేనే అలా చేశాను. నలభై దాటిన మనిషి, రోజంతా ఛాతీలో మంట, ఏ మాత్రకీ ఇసుమంత కూడా తగ్గలేదు. ఎండోస్కోపీలో ఏమీ లేదు, అన్నవాహిక శుభ్రంగా ఉంది. మాత్రలు పనిచేయట్లేదంటే ఆపరేషనే మార్గం అని అప్పట్లో అనుకునేవాణ్ణి. యాసిడ్ నిజంగా పైకి వస్తోందో లేదో కొలిచే పీహెచ్ టెస్ట్ చేయించలేదు, ముక్కులోంచి గొట్టం వేస్తారంటే ఆయన వద్దన్నారు, నేనూ పట్టుబట్టలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది, ఒక్క కుట్టు కూడా తప్పు పోలేదు. మూడు నెలల తర్వాత వచ్చారు. మంట అలాగే ఉంది. దానికి తోడు తిన్నాక పొట్ట డప్పులా బిగుసుకుపోతోంది, తేన్పు రావట్లేదు. మీరు చేయకముందే నయంగా ఉన్నాను అన్నారు. ఆ టెస్ట్ ముందు చేయలేదు కాబట్టి ఆయనకు అసలు రిఫ్లక్స్ ఉండేదో లేదో ఇప్పటికీ నాకు తెలీదు. తప్పు ఆపరేషన్ గదిలో జరగలేదు, దానికి నెల ముందు నా గదిలో, కుర్చీలో కూర్చుని మాట్లాడుకున్నప్పుడు జరిగింది. ఆ తర్వాత టెస్టులు లేకుండా ఒక్కరి పొట్ట మీద కూడా చెయ్యి వేయలేదు.

అందుకని టెస్టుల గురించి కాస్త వివరంగా చెప్తాను. ఎండోస్కోపీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దానిలో అన్నవాహిక కింది భాగంలో పుండ్లు ఎంత ఉన్నాయో చూసి ఏ, బీ, సీ, డీ అని గ్రేడ్ ఇస్తాం. సీ, డీ ఉంటే రిఫ్లక్స్ గురించి ఇక సందేహం లేదు. ఏ గ్రేడ్ ఒక్కటే ఉంటే అది రుజువు కిందికి రాదు, ఏ బాధా లేనివాళ్ళలో కూడా అది కనిపిస్తుంటుంది. చాలామందికి ఎండోస్కోపీ మామూలుగానే ఉంటుంది, అప్పుడు పీహెచ్ టెస్ట్ కావాలి. ముక్కులోంచి సన్నటి తీగ లాంటిది అన్నవాహికలోకి వేసి ఒక రోజంతా ఉంచుతారు, మీరు ఇంటికెళ్ళి మామూలుగా తిని పడుకుని మర్నాడు రావడమే. కొన్నిచోట్ల తీగ లేకుండా చిన్న క్యాప్సూల్‌ని ఎండోస్కోపీలో అన్నవాహిక గోడకి అతికిస్తారు, అది నాలుగు రోజుల దాకా లెక్క పంపిస్తుంది, తర్వాత దానంతట అదే ఊడి పోతుంది. మొత్తం సమయంలో యాసిడ్ ఎంతసేపు అన్నవాహికలో ఉందో చూస్తాం. 4 శాతం కంటే తక్కువైతే మామూలు, 6 శాతం దాటితే జబ్బు ఉన్నట్టే. మధ్యలో ఉంటే మిగతావన్నీ కలిపి ఆలోచించాలి.

మూడోది మానోమెట్రీ. అన్నవాహిక కండరాలు ముద్దని ఎంత బలంగా కిందికి తోస్తున్నాయో కొలిచే టెస్ట్. దీన్ని అనవసరం అనుకుంటారు, నేను మాత్రం అస్సలు వదలను. ఎందుకంటే ఎకలేజియా అని ఒక జబ్బు ఉంది, దానిలో వాల్వ్ వదులవడం కాదు, అసలు తెరుచుకోదు. తిన్నది అన్నవాహికలోనే నిలిచి, పులిసి, ఛాతీలో మంట పుట్టిస్తుంది, నోట్లోకి వస్తుంది, అచ్చం రిఫ్లక్స్‌లాగే. అలాంటి మనిషికి పొరపాటున ఆ వాల్వ్ చుట్టూ ఇంకో బిగింపు వేశారనుకోండి, ఇక మంచినీళ్ళు కూడా దిగవు. మానోమెట్రీ చేస్తే ఈ ప్రమాదం ముందే బయటపడుతుంది. బేరియం మింగించి తీసే ఎక్స్‌రే హెర్నియా ఎంత ఉందో, ఎలా ఉందో చూపిస్తుంది, అది నాకు ఆపరేషన్ ఎలా చేయాలో చెప్తుంది.

సరే, ఇప్పుడు ఆపరేషన్.

దీనికి ఆద్యుడు రుడాల్ఫ్ నిస్సెన్ అనే జర్మన్ సర్జన్. యూదుడు, 1933లో జర్మనీ వదిలి ఇస్తాంబుల్ వెళ్ళిపోయాడు. అక్కడ 1930లలో అన్నవాహిక కింది భాగంలో పుండు ఉన్న ఒక కుర్రాడికి ఆ భాగం తీసేసి మళ్ళీ కడుపుకి కలిపేటప్పుడు, అతుకు ఊడకుండా కడుపు పైభాగాన్ని దాని చుట్టూ కప్పి కుట్టాడు. ఉద్దేశం అతుకుని కాపాడటమే. ఏళ్ళ తర్వాత చూస్తే ఆ మనిషికి రిఫ్లక్స్ బాధ అసలు లేదు. అది గుర్తుపెట్టుకుని 1955లో రిఫ్లక్స్ కోసమే ఆ చుట్టుడు ఆపరేషన్ చేశాడు, మరుసటి ఏడాది ప్రచురించాడు. అదే నిస్సెన్ ఫండోప్లికేషన్. ఐన్‌స్టీన్ పొట్టలో ఉబ్బిన రక్తనాళానికి 1948లో ఆపరేషన్ చేసింది కూడా ఈయనే, సందర్భం వచ్చింది కాబట్టి చెప్పాను. తర్వాత చాలా ఏళ్ళు ఈ ఆపరేషన్ పొట్టకు పెద్ద కోత పెట్టి చేసేవాళ్ళు, 1991లో బెల్జియం సర్జన్ బెర్నార్ డాల్‌మాన్య్ లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా దించి, చేసిన కేసులు ప్రచురించాక కీహోల్ పద్ధతి లోకమంతా పాకింది.

ఇప్పుడు మేం చేసేది ఇది. పూర్తి మత్తు ఇస్తాం. పొట్ట మీద ఐదు చిన్న రంధ్రాలు, సెంటీమీటర్ లోపు నుంచి సెంటీమీటర్ కాస్త పైన దాకా. పొట్టలోకి గ్యాస్ నింపి కెమెరా దించుతాం. ఛాతీలోకి జారిన కడుపుని మెల్లగా కిందికి లాగి, అన్నవాహిక కనీసం రెండున్నర మూడు సెంటీమీటర్లు పొట్టలో బిగుతు లేకుండా ఉండేలా విడిపిస్తాం. డయాఫ్రమ్‌లో వదులైన రంధ్రాన్ని కుట్టి సరిపడేంత చేస్తాం. అప్పుడు కడుపు పైభాగాన్ని అన్నవాహిక వెనక నుంచి తిప్పి తెచ్చి, మెడకి మఫ్లర్ చుట్టుకున్నట్టు చుట్టి, రెండు మూడు కుట్లతో నిలబెడతాం. గంటన్నర, రెండు గంటల పని. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తాం.

పూర్తిగా 360 డిగ్రీలు చుడితే నిస్సెన్. వెనక నుంచి 270 డిగ్రీల దాకా చుట్టి ముందు కొంచెం ఖాళీ వదిలితే టూపే. ముందు భాగం మీద మాత్రమే కప్పితే డోర్. టూపే, డోర్ రెండూ 1960లలో ఫ్రాన్స్ సర్జన్ల నుంచి వచ్చినవి. ఏది మంచిదని సర్జన్లు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. నా మాట అడిగితే, టూపే వైపు మొగ్గుతాను. రిఫ్లక్స్‌ని ఆపడంలో రెండూ దాదాపు సమానమే, మింగడానికి ఇబ్బంది, పొట్ట ఉబ్బరం మాత్రం పాక్షికంగా చుట్టినవాళ్ళలో తక్కువ. మానోమెట్రీలో అన్నవాహిక నెట్టే బలం తక్కువగా ఉన్నవాళ్ళకైతే నేను పూర్తి చుట్టు అసలు వేయను.

ఇప్పుడు చేయించుకున్నాక ఏముంటుందో దాచకుండా చెప్తాను. మొదటి కొన్ని వారాలు మింగేటప్పుడు ముద్ద ఆగి ఆగి దిగుతున్నట్టు ఉంటుంది, అది వాపు, చాలామందికి ఆరు వారాల నుంచి మూడు నెలల్లోపు పోతుంది. అందుకే ముందు ద్రవాలు, తర్వాత మెత్తటివి, బాగా నమిలి, కొంచెం కొంచెంగా, నిదానంగా. గ్యాస్ ఉన్న కూల్‌డ్రింకులు వద్దు. బరువులు నెలా నెలన్నర ఎత్తొద్దు. మొదటి రోజుల్లో గట్టిగా ఓకరిస్తే కుట్లు తెగి కడుపు మళ్ళీ పైకి జారే ప్రమాదం ఉంది, కాబట్టి వికారంగా ఉంటే ఓర్చుకోకండి, వెంటనే చెప్పండి, మందు ఇస్తాం.

తేన్పు తగ్గిపోతుంది, కొందరికి అసలు రాదు. వాంతి చేసుకోవడం కష్టమవుతుంది. పైకి రాని గాలి కిందికి వెళ్తుంది, అపానవాయువు ఎక్కువవుతుంది, ఇది అడగడానికి సిగ్గుపడతారు గనుక నేనే చెప్తున్నాను. రిఫ్లక్స్ బాధ తీవ్రంగా ఉన్నవాళ్ళు ఇవన్నీ సంతోషంగా భరిస్తారు, "రాత్రి పడుకుని నిద్రపోయాను డాక్టర్ గారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. కానీ అసలు బాధ గాలి, ఉబ్బరం, మాటిమాటికీ తేన్పులు అయినవాళ్ళకి ఈ ఆపరేషన్ చేస్తే ఉన్న బాధని రెట్టింపు చేసినట్టే. "గ్యాస్ ట్రబుల్‌కి ఆపరేషన్" అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

(సభలోంచి: చేయించుకున్నాక మళ్ళీ రాదా సార్?)

వస్తుందండీ, కొందరికి వస్తుంది. స్వీడన్‌లో 2,655 మంది లాపరోస్కోపీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని ఏళ్ళపాటు గమనించి 2017లో ప్రచురించారు. 17.7 శాతం మందికి మళ్ళీ వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ మాత్రల మీదికి వెళ్ళారు, కొందరు రెండోసారి ఆపరేషన్ చేయించుకున్నారు. దీన్ని రెండువైపుల నుంచి చూడాలి, నూటికి ఎనభై రెండు మందికి రాలేదు కదా. ప్రాణాపాయం చాలా అరుదు, ఆ అధ్యయనంలో నెల రోజుల్లోపు మరణాలు 0.1 శాతం. కానీ రెండోసారి చేసే ఆపరేషన్ మొదటిదంత తేలిక కాదు, లోపలంతా అతుక్కుపోయి ఉంటుంది, ఫలితం కూడా అంత బాగుండదు. కాబట్టి మొదటిదే ఇలాంటివి తరచూ చేసే చేతుల్లో చేయించుకోండి. మీ సర్జన్‌ని "ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు" అని అడగడం మర్యాద తక్కువ కాదు, నన్నూ అడగండి.

ఇంకో రకం ఉంది, అయస్కాంతాల ఉంగరం. టైటానియం పూసల్లో చిన్న అయస్కాంతాలు పెట్టి దండలా గుచ్చి అన్నవాహిక చివర చుట్టూ వేస్తారు. మామూలుగా పూసలు ఒకదాన్నొకటి పట్టుకుని మూసి ఉంచుతాయి, ముద్ద దిగేటప్పుడు విడిపోయి మళ్ళీ కలుస్తాయి. అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది, లింక్స్ అని పేరు. కడుపుని చుట్టే పని లేదు, తేన్పు, వాంతి చేసుకునే శక్తి ఎక్కువమందికి మిగిలే ఉంటాయి. మింగడానికి ఇబ్బంది మాత్రం ఉంటుంది, కొందరికి బెలూన్‌తో సాగదీయాల్సి వస్తుంది. బహు అరుదుగా ఉంగరం అన్నవాహిక గోడని ఒరుసుకుంటూ లోపలికి వచ్చేస్తుంది, అప్పుడు తీసేయాలి. ఒంట్లో అది ఉన్నవాళ్ళు ఎమ్మారై స్కాన్‌కి వెళ్ళేముందు తప్పకుండా చెప్పాలి, ఎంత శక్తి ఉన్న మెషీన్ దాకా పర్వాలేదో పరికరం కార్డు మీద రాసి ఉంటుంది. నాకు దీని మీద కొంచెం జాగ్రత్త ఎక్కువ. 1979లో యాంజెల్‌చిక్ అనే సిలికాన్ ఉంగరం వచ్చింది, పెట్టడం తేలికని చాలామందికి పెట్టేశారు, తర్వాత అది జారడం, ఒరుసుకోవడం, మింగుడుపడకపోవడంతో తీయాల్సి వచ్చి చివరికి వాడకమే పోయింది. లింక్స్ దానికంటే చాలా మెరుగైనది, పదేళ్ళు దాటిన అనుభవం బాగానే ఉంది. అయినా ఒంట్లో జీవితాంతం ఉండే పరాయి వస్తువు అన్నప్పుడు నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

నోట్లోంచి ఎండోస్కోపీ ద్వారా చేసే పద్ధతులు కూడా ఉన్నాయి, లోపలి నుంచే కడుపు పైభాగాన్ని మడిచి బిగించడం, దాన్ని టిఫ్ అంటారు. కోత ఉండదు. హెర్నియా లేనివాళ్ళకి, రెండు సెంటీమీటర్ల లోపు ఉన్నవాళ్ళకి పనికొస్తుంది, పెద్ద హెర్నియాని అది సరిచేయలేదు.

బరువు ఎక్కువగా ఉన్నవాళ్ళు ఈ మాట ప్రత్యేకంగా వినండి. పొట్టలో కొవ్వు లోపలి ఒత్తిడిని పెంచుతుంది, వేసిన చుట్టు మీద ఆ ఒత్తిడి రోజూ పడుతూనే ఉంటుంది. బాగా స్థూలకాయం ఉండి బరువు తగ్గించే ఆపరేషన్ ఎలాగూ అవసరమైనవాళ్ళకి గ్యాస్ట్రిక్ బైపాస్, కడుపుని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి కలిపేది, రెండు పనులూ చేస్తుంది, బరువూ తగ్గుతుంది, రిఫ్లక్సూ తగ్గుతుంది. అదే స్లీవ్ అనే ఆపరేషన్, కడుపుని సన్నటి గొట్టంలా కత్తిరించేది, రిఫ్లక్స్‌ని పెంచుతుంది, లేనివాళ్ళకి కొత్తగా తెస్తుంది కూడా. రిఫ్లక్స్ ఉండి ఎవరైనా స్లీవ్ చేస్తామంటే ఈ ప్రశ్న తప్పకుండా వేయండి.

(సభలోంచి: మా నాన్నగారికి బ్యారెట్స్ అని రాశారు, ఆపరేషన్ చేస్తే క్యాన్సర్ రాదంటారా?)

అలా హామీ ఇవ్వలేనండీ. యాసిడ్ ఏళ్ళతరబడి తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోవడాన్ని బ్యారెట్స్ అంటాం, అది కొద్దిమందిలో క్యాన్సర్ వైపు వెళ్తుంది. మందులకంటే ఆపరేషన్ ఆ ముప్పుని ఎక్కువ తగ్గిస్తుందని రుజువు కాలేదు. రిఫ్లక్స్ బాధ కోసం చేయించుకోవచ్చు, క్యాన్సర్ భయంతో మాత్రం కాదు. చేయించుకున్నా సరే, డాక్టర్ చెప్పిన గడువుకి ఎండోస్కోపీ చేయిస్తూనే ఉండాలి. నాన్నగారికి మింగుడు పడకపోవడం, బరువు తగ్గడం, రక్తహీనత, నల్లటి విరేచనం, వీటిలో ఏదైనా ఉంటే గడువు కోసం చూడకుండా వెంటనే తీసుకెళ్ళండి.

ఆ వెనక ఎవరో దగ్గు గురించి అడిగారు. దగ్గు, గొంతు బొంగురు, గొంతులో ఏదో అడ్డం ఉన్నట్టు అనిపించడం, ఇవి రిఫ్లక్స్ వల్ల రావచ్చు, వేరే వంద కారణాల వల్లా రావచ్చు. మంట, పులుపు లేకుండా కేవలం ఇవే ఉన్నవాళ్ళలో ఆపరేషన్ ఫలితం అంత నమ్మకంగా చెప్పలేం. మంట ఉండి, మాత్రకి కొంతైనా తగ్గి, పీహెచ్ టెస్ట్‌లో తేలినవాళ్ళకి ఫలితం అన్నిటికంటే బాగుంటుంది. వినడానికి వింతగా ఉంటుంది, మాత్రకి తగ్గేవాళ్ళకే ఆపరేషన్ బాగా పనిచేస్తుందా అని. మాత్రకి తగ్గిందంటే ఆ మంటకి కారణం యాసిడే అని తేలినట్టు కదా, అందుకు.

టెస్టుల్లో రిఫ్లక్స్ లేదని తేలితే "అయితే నా మంట అబద్ధమా" అని బాధపడకండి. మంట నిజమే, అన్నవాహిక నరాలు అతిగా స్పందిస్తున్నాయి, దానికి నరాలని శాంతపరిచే మందులు చిన్న డోసుల్లో ఉన్నాయి, ఒత్తిడి తగ్గించే చికిత్సలూ ఉన్నాయి. ఆపరేషన్ అక్కర్లేదని తెలియడం కూడా మంచి కబురే.

ఇంకెవరైనా? ఆ, మీరు చెప్పండమ్మా.

(సభలోంచి: మా అత్తగారికి 74 ఏళ్ళు. కడుపు సగం ఛాతీలోకి వెళ్ళిపోయిందన్నారు. మంట పెద్దగా లేదు, కొంచెం తినగానే ఆయాసం, రక్తం తక్కువగా ఉంది. ఈ వయసులో ఆపరేషనా అని భయంగా ఉంది.)

ఇది ఇందాకటి నుంచి చెప్పుకున్నదానికి కొంచెం వేరే సంగతి. వాల్వ్ వదులైన చిన్న హెర్నియా కాదిది, కడుపే పక్కకి తిరిగి పైకి ఎక్కిపోయిన పెద్ద హెర్నియా. తినగానే ఆయాసం ఎందుకంటే ఛాతీలో ఊపిరితిత్తికి ఉండాల్సిన చోటు కడుపు ఆక్రమించింది. రక్తహీనత ఎందుకంటే డయాఫ్రమ్ అంచు దగ్గర కడుపు ఒరుసుకుని చిన్న పుండ్లు పడి రక్తం కొంచెం కొంచెంగా పోతుంటుంది. ఇలా బాధలున్నప్పుడు వయసు ఒక్కదాన్నే చూసి వద్దనకూడదు, గుండె, ఊపిరితిత్తులు చూసి మత్తు డాక్టర్ సరేనంటే చేయొచ్చు, ఆయాసం తగ్గడం ఆవిడకే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఉన్నట్టుండి ఛాతీ కింద విపరీతమైన నొప్పి వచ్చి, డోకులు వస్తున్నా వాంతి బయటికి రాకపోతే కడుపు మెలితిరిగిందేమో అనుకోవాలి, తెల్లారేదాకా ఆగకుండా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆవిడ రిపోర్టులు తెచ్చారా? బేరియం ఫిల్మ్ ఉంటే అది ఇవ్వండి ముందు, ఇక్కడ వెలుతురు బాగానే ఉంది, చూస్తాను.